మక్కరొట్టెతో మొదలుపెట్టండి: మెక్సికో మూలవాసుల వంట తినే తీరు

పిల్లల దగ్గర నాలుగు నెలలుండి రావడానికి నల్లగొండ నుంచో పాలమూరు నుంచో అమెరికా వెళ్లిన పెద్దలను ఏదో ఒక ఆదివారం మెక్సికన్ హోటల్‌కు తీసుకువెళ్లడం మామూలే. చాలా చోట్ల చీజ్ కప్పిన గోధుమ రొట్టెలే ముందుకొస్తాయి. గోధుమ, చీజ్, పందిమాంసం, గొడ్డుమాంసం అన్నీ స్పెయిన్ వారి వెంట, అంటే 1521లో అక్కడి మూలవాసులైన ఆస్టెక్‌ల రాజధాని కూలిన కాలం నుంచి, అక్కడ పాతుకుపోయినవి. అంతకుముందటి వంటను నిలుపుకున్న, మెక్సికోలోని వహాకా, యుకటాన్ ప్రాంతాల మూలవాసుల రుచులు దొరికే హోటల్‌ను ఎంచుకుంటే, జొన్నరొట్టెకు అలవాటుపడిన నోటికి అదే దగ్గరగా ఉంటుంది.

కూర్చోగానే, మక్కలు ఇక్కడే ఉడికించి రుబ్బుతారా, లేక పొడి పిండి కొంటారా అని అడగండి. మక్కలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగి రుబ్బిన ముద్దను మాసా అంటారు. ఆ సున్నం మనం తమలపాకుకు రాసే సున్నం లాంటిదే. సున్నం తగిలితేనే మక్కల్లోని నయాసిన్ అనే బి విటమిన్ ఒంటికి అందుతుంది. ఈ పద్ధతిని వదిలేసి గింజను మాత్రమే తీసుకుపోయి, దాని మీదే బతికిన ఐరోపా పేదలను, ఆ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. జొన్నలే ముఖ్యాహారంగా బతికిన దక్కన్ పేదల్లోనూ ఆ జబ్బును హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు 1960 ప్రాంతంలో పరిశీలించారు కనుక, ఈ సంగతి మనకు మరీ దూరపుది కాదు. మాసాతో కాల్చిన మక్కరొట్టెనే టోర్టియా అంటారు; మంచి టోర్టియా మడిస్తే విరగదు, మక్కల వాసన వేస్తుంది. చల్లారితే జొన్నరొట్టె లాగే బిరుసెక్కుతుంది కాబట్టి గుడ్డలో చుట్టి తెచ్చినదాన్ని వెంటనే, చేత్తోనే తినాలి.

శాకాహారులు మాంసం వద్దంటే సరిపోదు. మాసాను ఆకులో చుట్టి ఆవిరిపై ఉడికించే టమాలేల పిండిలోనూ, ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల్లోనూ పందికొవ్వు కలపడం పరిపాటి. మిరప, నువ్వులు, చాక్లెట్ వంటివి నూరి చేసే మోలేలో తరచుగా కోడి రసం ఉంటుంది. పందికొవ్వు వద్దని చెప్పడానికి స్పానిష్‌లో ‘సిన్ మాంటెకా’ అనండి, కోడి రసం గురించి విడిగా అడగండి. నోపాలెస్ అంటే మన చేను గట్ల మీది నాగజెముడు మట్టలే, ముళ్లు తీసి వండుతారు. పందికొవ్వు, కోడి రసం లేవని తెలిస్తే గుమ్మడిపూల కూర కూడా నిశ్చింతగా తినవచ్చు. వేయించిన మిడతలైన చపులినెస్ విషయంలో నేనెవరినీ బలవంతపెట్టను గానీ, తొలకరిలో ఉసిళ్లు వేయించుకు తిన్నవారు ముఖం చిట్లించడం న్యాయం కాదు.

టమాలేకు చుట్టిన మక్క పొట్టునో అరటాకునో విప్పి పక్కన పెట్టాలి. మిరప పుట్టిల్లే మెక్సికో కనుక కారం మనకొక లెక్కా అనుకోకుండా, హబనేరో పచ్చడిని ముందు ఒక్క చుక్క నాలుకకు తగిలించి చూడండి. తాగడానికి మక్కజావ లాంటి అటోలే బాగుంటుంది. కలబంద జాతిని పోలిన అగేవ్ మొక్క రసం పులియబెట్టిన పుల్కే దొరికితే, అది వారి కల్లు.

బిల్లుపై 15 నుంచి 20 శాతం టిప్ వదలడం అక్కడి ఆనవాయితీ. రొట్టెలు మిగిలితే కట్టించుకోండి; మర్నాడు పొడి పెంక మీద రెండు వైపులా వేడిచేస్తే పల్లీల కారంలోకి బాగుంటాయి.