నైట్లు నత్తనడక నడుస్తున్నాయా? ముందు గుంపులో ఎవరున్నారో చూడండి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే యుద్ధాల కంప్యూటర్ గేమ్‌లో లైన్, బాక్స్, స్టాగర్డ్, ఫ్లాంక్ అని నాలుగు ఫార్మేషన్లు, అంటే సైన్యాన్ని నిలబెట్టే పద్ధతులు, ఉన్నాయి. బటన్లు ఎక్కడుంటాయో, హాట్‌కీలు ఎలా పెట్టుకోవాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. సైన్యం మాట విననప్పుడు ఎక్కడ వెతకాలో మాత్రం చెబుతాను.

సమస్య: వరసలో నిలబెట్టినవాళ్లు చెల్లాచెదురైపోతున్నారు

ఫార్మేషన్‌ని తిట్టే ముందు స్టాన్స్ (శత్రువు కనిపిస్తే ఎంతవరకు వెంటపడాలో చెప్పే సెట్టింగ్) చూడండి. దాదాపు ప్రతిసారీ అగ్రెసివ్‌లోనే ఉంటుంది, ఎందుకంటే మీరు మార్చకపోతే గేమ్ ఇచ్చేది అదే. శత్రువు స్కౌట్ ఒకటి అలా కనిపించి వెళ్తే చాలు, మీ ఆర్చర్లలో సగం మంది దాని వెంటపడి శత్రువు ప్రధాన భవనం, అంటే టౌన్ సెంటర్, బాణాలకు బలవుతారు. ఆర్చర్లను స్టాండ్ గ్రౌండ్‌లో (ఉన్నచోటే నిలబడి కొట్టేలా) పెట్టండి, ముందు వరస వాళ్లను డిఫెన్సివ్‌లో (కాస్త దూరమే వెంటపడేలా) పెట్టండి. రెండు సెకన్ల పని. ఇది కూడా చూడకుండా "గేమ్‌లో బగ్ ఉంది" అనేవాళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది.

సమస్య: నైట్లు పరుగెత్తడం లేదు

అసలు తిప్పలు పెట్టేది ఇదే. శత్రువు విలేజర్ల (పనివాళ్ల) మీదికి ముప్పై నైట్లను (గుర్రపు సైనికులను) తోలుతారు. అవి పెళ్లి ఊరేగింపులో గుర్రాల్లా తాపీగా వెళ్తాయి. చేరేసరికి విలేజర్లంతా టౌన్ సెంటర్‌లో దూరిపోయి ఉంటారు. వెంటనే అనుమానం నెట్ మీదికి పోతుంది, తర్వాత కంప్యూటర్ మీదికి. ఇంకొందరైతే హజ్బెండ్రీ రీసెర్చ్ చేసి కూర్చుంటారు. దానితో గుర్రాల వేగం పది శాతం పెరిగే మాట నిజమే, కానీ ఇక్కడ దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఫార్మేషన్‌లో ఉన్న గుంపు మొత్తం అందులో అందరికన్నా నెమ్మదైనవాడి వేగంతోనే కదులుతుంది. నైట్ వేగం 1.35. క్రాస్‌బోమెన్ (విల్లుకాళ్లు) వేగం 0.96. మాంక్ (సన్యాసి) 0.7, బ్యాటరింగ్ రామ్ (గోడలు, భవనాలు పగలగొట్టే యంత్రం) 0.5. ముప్పై నైట్ల మధ్య ఒక్క మాంక్ ఉంటే మీ అశ్వదళం వేగం దాదాపు సగానికి పడిపోయినట్టే. రామ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

మాంక్ అక్కడికి ఎలా వచ్చాడంటారా? మౌస్‌తో డబ్బా గీసి సైన్యాన్ని ఎంచుకున్నప్పుడు పక్కనే రెలిక్ (మాంకులు తెచ్చుకునే పవిత్ర వస్తువు) కోసం వెళ్తున్నవాడు కూడా అందులో పడ్డాడు. మీరు చూసుకోకుండా కంట్రోల్ + 1 నొక్కి ఆ గుంపును 1వ గ్రూపుగా సేవ్ చేశారు. ఇకనుంచి 1 నొక్కినప్పుడల్లా వాడూ వస్తాడు. స్క్రీన్ కింద ప్యానెల్‌లో వరసగా గుర్రాల బొమ్మలే ఉంటాయి, వాటి చివర ఎక్కడో ఒక్క బోడిగుండు. ఆ చివరిదాకా ఎవరూ చూడరు.

ఇంకో మెలిక కూడా ఉంది. చాలామంది మాంక్‌ని గమనించి పక్కకు తీసేస్తారు, కానీ గ్రూపును మళ్లీ సేవ్ చేయరు. తర్వాతి దాడికి 1 నొక్కగానే వాడు మళ్లీ హాజరు. అందుకని ఒక నైట్ మీద డబుల్ క్లిక్ చేయండి, స్క్రీన్ మీద ఉన్న నైట్లన్నీ ఎంపికవుతాయి. అప్పుడు కంట్రోల్ + 1. ప్యానెల్‌ని ఒకసారి చివరిదాకా చూడండి. స్క్రీన్‌కి బయట ఉన్నవి రావు కాబట్టి ముందే గుంపును ఒకచోటికి చేర్చుకోండి. క్రాస్‌బోలకు 2, రామ్‌లకు 3 ఇచ్చేయండి. రామ్‌లు మరీ వెనకబడుతుంటే నలుగురు పదాతులను లోపల ఎక్కించండి, కాస్త చురుగ్గా కదులుతాయి.

నైట్లు, క్రాస్‌బోలు కలిసి ఉన్న గుంపుతో ఇంకా జాగ్రత్త. అక్కడ వేగం మూడోవంతు కూడా తగ్గదు కాబట్టి తేడా కంటికి ఆనదు. ఆట అయిపోయాక "ఎప్పుడూ ఒక్క అడుగు ఆలస్యమే" అని తల పట్టుకుంటారు.

సమస్య: ఒక్క రాయికి పది మంది పోతున్నారు

ఎదుట మాంగొనెల్ (రాళ్లు విసిరే యంత్రం) ఉంటే ఆర్చర్లను లైన్‌లో దగ్గరదగ్గరగా ఉంచకండి. ముందే స్టాగర్డ్‌కి మార్చండి. రాయి అప్పటికే గాల్లోకి లేస్తే వెంటనే ఫ్లాంక్ నొక్కండి, గుంపు రెండుగా చీలి రాయి నడిమధ్య ఖాళీలో పడే అవకాశం ఉంది. చేయి అలవాటయ్యేదాకా కాస్త టెన్షనే. మీ సొంత మాంగొనెల్ రాయి మీవాళ్లను కూడా చంపుతుంది. ఈ విషయం కూడా జనం మర్చిపోతుంటారు.

సమస్య: ఇరుకు దారిలో వరస చెదిరిపోతోంది

చెదరకుండా ఉండదు. క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియా ఫలాంక్స్ (పొడవాటి ఈటెల దట్టమైన సైనిక వరస) ఎగుడుదిగుడు నేల మీదికి వచ్చేసరికి వరసలో సందులు పడ్డాయి, రోమన్లు ఆ సందుల్లోంచే దూరి నరికారు. గేటు దాటాక ఖాళీ చోట ఆగండి, వరస కట్టనివ్వండి, అప్పుడు కదలండి. శత్రువు మీద నేరుగా క్లిక్ చేస్తే అందరూ ఆ ఒక్కడి మీదే పడి ఒకరినొకరు తోసుకుంటారు. అటాక్ మూవ్ (దారిలో ఎదురైన శత్రువులతో పోరాడుతూ సాగే ఆదేశం) వాడండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా ఓడిపోతుంటే మీరు పల్లంలో నిలబడి ఉండొచ్చు, ఎత్తు మీద ఉన్నవాడి దెబ్బ 25 శాతం ఎక్కువ తగులుతుంది. చెట్ల మధ్య ఎవడో ఇరుక్కోవడం, మోడ్ (ఆటకు ఇతరులు చేర్చిన మార్పు) వల్ల హాట్‌కీ మారిపోవడం లాంటివి ఎప్పుడో ఒకసారి జరుగుతాయి. అవి చివర్లో చూసుకోవచ్చు.