కాలు మొద్దుబారితే కడప బండతో జాగ్రత్త

మా అమ్మకు షుగరు. కడపలో మొన్న ఎండాకాలం వడియాలు తీయడానికి చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కింది. బండలు కాలిపోతున్నా ఆమెకు తెలియలేదు. సాయంత్రం చూస్తే బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ! షుగరు వల్ల కాళ్ల నరాలు దెబ్బతింటే నొప్పి తెలియదు, అదే అసలు ప్రమాదం.

అప్పటి నుంచి రోజూ రాత్రి నేల మీద అద్దం పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు చూస్తున్నాం. మీరూ చూసుకోండి. తిమ్మిరిగా ఉందని వేడినీళ్ల కాపడం మాత్రం దయచేసి పెట్టొద్దు. స్నానం నీళ్లు కూడా మోచేత్తో చూసే పోసుకోండి. పుండు లేకపోతే నడక రక్తప్రసరణకు చాలా మంచిది. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించినా పిక్కలు పనిచేస్తాయి. బీడీ, సిగరెట్ మానాల్సిందే. ఏడాదికోసారి డాక్టరుతో 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష చేయించండి. సన్నని నైలాన్ పోగును అరికాలికి తాకించి స్పర్శ తెలుస్తోందా అని అడుగుతారు, అంతే.