పది మీటర్ల ఎయిర్ రైఫిల్ – ఆరో పాఠం: పెల్లెట్లను ఏరుకోవడం

పోయిన పాఠంలో ట్రిగ్గర్ గురించి చెప్పుకున్నాం. డ్రై ఫైర్ (గుండు లేకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కే) సౌకర్యం ఉన్న రైఫిల్‌తో రోజూ అరగంట, పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో పెట్టే చిన్న సీసపు గుండు) లేకుండా, తెల్లగోడకు ఎదురుగా నిలబడి సాధన చేయమన్నాను. ఆ అరగంటను వదిలేసి నేరుగా ఈ పాఠానికి వచ్చినవాళ్లు ముందు దాన్ని పూర్తి చేయండి. అలా ఎందుకంటున్నానో కిందికి వెళ్లాక లెక్క వేసి చూపిస్తాను.

అనంతపురంలో నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఈమధ్య తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. విదేశాల్లో షూటర్లు ఖాళీ తూటాలను శుభ్రం చేసి, కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల) పెట్టి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ బిగించుకుంటారు. ఆ వీడియోలు చూసి, "సార్, మనమూ అట్లా చేసుకుంటే గురి పెరుగుతుంది గదా?" అంటారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. కాబట్టి ఆ పని మనది కాదు, సరదాకి కూడా ప్రయత్నించవద్దు. అయితే వాళ్లు అంత కష్టం ఎందుకు పడుతున్నారో అర్థం చేసుకోవడం మనకు చాలా అవసరం. ఒక తూటాకూ ఇంకో తూటాకూ తేడా లేకుండా చేయడం, తమ బారెల్‌కు ఏది నప్పుతుందో కనిపెట్టడం, బుల్లెట్‌ను ప్రతిసారీ ఒకే లోతులో కూర్చోబెట్టడం, ఈ మూడింటి కోసమే ఆ తంటా అంతా. మన ఎయిర్ రైఫిల్‌లో మందు లేదు, ప్రైమర్ లేదు. కానీ ఈ మూడు పనులూ ఉన్నాయి, మూడూ మన చేతుల్లోనే ఉన్నాయి.

ముందు పెల్లెట్‌ను సరిగ్గా చూడండి. 4.5 మి.మీ. సీసపు గుండు. ముందు భాగం చదునైన తల, మధ్యలో సన్నటి నడుము, వెనక గొట్టంలా బోలుగా ఉండే స్కర్ట్. తల చదునుగా ఉండడం వల్ల కాగితం మీద చిరుగు లేకుండా గుండ్రటి రంధ్రం పడుతుంది. వెనక నుంచి గాలి తోసినప్పుడు పల్చటి స్కర్ట్ కొద్దిగా విచ్చుకుని బారెల్‌లోని గాడులను పట్టుకుంటుంది. స్కర్ట్ అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంటే గాలి ఆ పక్క నుంచి ముందుగా తప్పించుకుంటుంది. పెల్లెట్ బారెల్ విడిచే క్షణంలోనే దానికి పక్కనుంచి ఒక తోపు పడుతుంది. మీరు ఊపిరి బిగబట్టి, గురి కుదిరి, ట్రిగ్గర్ మెత్తగా నొక్కినా గుండు పదికి బదులు తొమ్మిది మార్కుల వలయంలో పడిందంటే, కొన్నిసార్లు కారణం ఇదే.

ఏరడం ఎలాగో మన ఊళ్లలో ఎవరికీ నేర్పనక్కర లేదు. శెనక్కాయ విత్తనం వేసే ముందు కాయలు ఒలిచి, గింజలను చేటలో పోసుకుని, పుచ్చువి, పగిలినవి, ముడతలు పడినవి వేళ్లతో పక్కకు తోసేస్తారు. ఒక్కో గింజనూ తూకం వేసేవాళ్లు ఎవరూ ఉండరు. చూపుతో, వేళ్లతో ఏరతారు, ఆ పైన తూర్పార పట్టింది ఎలాగూ ఉంటుంది. పెల్లెట్లకూ అదే వరుస. మొదట కన్ను, తర్వాత దొర్లింపు. త్రాసు అన్నిటికంటే చివర.

బాగా వెలుతురు ఉన్నచోట ఒక తెల్లటి గుడ్డ పరిచి, యాభై పెల్లెట్లు మాత్రమే పోసుకోండి. డబ్బాలో 500 ఉంటాయని మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే ఒకదానికొకటి తగిలి బాగున్నవి కూడా పాడవుతాయి. ఒక్కోదాన్ని స్కర్ట్ వైపు నుంచి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన అంచు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందా, సీసపు పొట్టు అంటుకుని ఉందా, తల మీద గీత ఉందా? అనుమానం ఉన్నదాన్ని పక్కన పెట్టండి. పారేయక్కర లేదు, వార్మప్‌కు పనికొస్తుంది.

తర్వాత దొర్లింపు. పాలిష్ పట్టిన కడప బండ మీద ఒక గాజు పలక పెట్టి, ఒక పక్క కింద పుస్తకం అంత ఎత్తు పెట్టి వాలుగా చేయండి. స్కర్ట్ తల కంటే కాస్త వెడల్పు కాబట్టి పెల్లెట్ సూటిగా దొర్లదు, వంపు తిరుగుతూ పోతుంది. ఒకే డబ్బాలోవి దాదాపు ఒకే వంపులో పోవాలి. మధ్యలో తడబడినవీ, ఎగురుతూ పోయేవీ వంకర ఉన్నవని అర్థం.

ఇక త్రాసు. పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో చూసే త్రాసు 0.001 గ్రాము వరకు చూపిస్తుంది. మనకు అలాంటిదే కావాలి, వంట సరుకుల త్రాసు పనికిరాదు. ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి. త్రాసు పక్కన గట్టిగా ఊపిరి వదిలినా అంకె కదులుతుంది. మొదలుపెట్టే ముందు ఒకే పెల్లెట్‌ను పదిసార్లు తీసి పెడుతూ తూచండి. పదిసార్లలో 0.530, 0.532, 0.529 అని వస్తే మీ త్రాసుకే 0.003 గ్రాము తేడా ఉందన్నమాట. అలాంటి త్రాసుతో 0.002 తేడాలు ఏరాలనుకోవడం వృథా శ్రమ. ఈ పరీక్ష చేయకుండా తూకం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

రైఫిల్ మ్యాచ్ పెల్లెట్లు సాధారణంగా 0.53 గ్రా. బరువులో దొరుకుతాయి. 0.005 గ్రా. చొప్పున గుంపులు చేస్తే చాలు. గుంపులు పెట్టుకోవడానికి కోడిగుడ్ల అట్ట ట్రే బాగా ఉంటుంది. ఇడ్లీ ప్లేట్లు, వంటింటి గిన్నెలు మాత్రం దగ్గరకు రానివ్వకండి. ఇది సీసం. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి, పెల్లెట్ నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఈరోజే మానండి. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో ఆ గుడ్డను వేరుగా ఉతకాలి.

బరువు తేడా ఎంత నష్టం చేస్తుందో లెక్క కట్టి చూద్దాం. మ్యాచ్ రైఫిల్ నుంచి పెల్లెట్ సుమారు సెకనుకు 170 మీటర్ల వేగంతో వస్తుంది. పది మీటర్లు చేరేసరికి దాదాపు 0.06 సెకను పడుతుంది. ఆలోపు గురుత్వం దాన్ని 17 మి.మీ. కిందికి లాగుతుంది. పెల్లెట్ 0.01 గ్రా. తేలికైతే, అంటే రెండు శాతం, తోసే శక్తి అంతే ఉందనుకుంటే వేగం సుమారు ఒక శాతం పెరుగుతుంది, కిందికి పడడం రెండు శాతం తగ్గుతుంది. అంటే 0.34 మి.మీ. తేడా. టార్గెట్ మీద ఒక మార్కుకు 2.5 మి.మీ., దశాంశంలో ఒక్కో పదో వంతుకు 0.25 మి.మీ. దూరం. అంటే 0.01 గ్రా. తేడాకు నష్టం 0.1 మార్కు కంటే కాస్త ఎక్కువ. మంచి డబ్బాలో తేడా సాధారణంగా అంత కూడా ఉండదు. నొక్కుకుపోయిన స్కర్ట్ మాత్రం దీనికి ఎన్నో రెట్లు నష్టం చేయగలదు.

ఈ లెక్క నాకు ముందే తెలిసి ఉంటే రెండు రాత్రులు మిగిలేవి. ఒకసారి కడప నుంచి బస్సులో వస్తూ డబ్బాను బ్యాగు అడుగున పడేశాను. ఇంటికొచ్చి 500 పెల్లెట్లనూ ఓపిగ్గా తూచి, గుంపులు చేసి, మరుసటి రోజు కాల్చితే గుండ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. త్రాసులో బరువులన్నీ సరిగ్గానే ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే స్కర్టులు సగానికి సగం వంకర తిరిగి ఉన్నాయి. అప్పటి నుంచి డబ్బా మూత కింద పల్చటి స్పాంజి ముక్క పెట్టి, గుండ్లు కదలకుండా చేసి తీసుకెళ్తున్నాను.

ఇప్పుడు అసలు పరీక్ష. మీ బారెల్‌కు ఏ పెల్లెట్ నప్పుతుందో బారెలే చెప్పాలి. మ్యాచ్ పెల్లెట్లు తల వ్యాసాన్ని బట్టి 4.49, 4.50, 4.51 మి.మీ. ఇలా వేర్వేరుగా దొరుకుతాయి. పక్కవాడి రైఫిల్‌లో అద్భుతంగా పడేది మీ దాంట్లో పడకపోవచ్చు. మూడు రకాలు తెచ్చుకోండి. పాత జీన్స్ ప్యాంటు కాలును కోసి, పెన్నా ఇసుకను ఎండబెట్టి జల్లించి నింపి, రెండు పక్కలా కుట్టేస్తే రైఫిల్ ఆనించడానికి చక్కటి సంచి. బల్ల కదలకూడదు, అందుకు పైన కడప బండ వేసుకుంటే చాలు. గాలి సిలిండర్ రైఫిల్‌ను సంచి మీద నేరుగా ఆనించవచ్చు. స్ప్రింగ్ రైఫిల్ కాల్చేటప్పుడు ముందుకూ వెనక్కూ కదులుతుంది కాబట్టి దాన్ని గట్టిగా ఆనిస్తే గ్రూప్ (ఒకే గురితో వరుసగా కాల్చిన గుండ్ల రంధ్రాల గుంపు) చెడుతుంది. సంచి మీద మీ అరచెయ్యి పెట్టి, ఆ చేతిలో రైఫిల్ తేలికగా ఆననివ్వండి.

రకం మార్చినప్పుడల్లా ముందు ఇరవై ముప్పై గుండ్లు లెక్కలోకి రాకుండా కాల్చండి. బారెల్ కొత్త సీసానికి అలవాటు పడుతుంది. తర్వాత ఐదు గుండ్ల గ్రూపులు, ఒక్కో రకానికి కనీసం ఐదు. వెనక గట్టి అట్ట పెట్టిన కాగితం వాడండి, అంచులు చిరగవు. వెర్నియర్ కాలిపర్‌తో గ్రూప్ బయటి అంచు నుంచి బయటి అంచు వరకు కొలిచి, అందులోంచి 4.5 తీసేస్తే గుండ్ల కేంద్రాల మధ్య దూరం వస్తుంది. ఐదింటి సగటు రాసుకోండి. ఒక్క గ్రూప్ చూసి డబ్బాకు తీర్పు చెప్పకండి. అదే పెల్లెట్, అదే రైఫిల్, ఒక గ్రూప్ 1.5 మి.మీ., పక్కది 3 మి.మీ. రావడం మామూలే. అందంగా వచ్చిన ఒక్క గ్రూప్‌ను కత్తిరించి గోడకు అంటించుకుంటే అది మిమ్మల్ని మోసం చేస్తుంది.

పైన చెబుతానన్న లెక్క ఇది. మీ చేతి చెదురు, పెల్లెట్ చెదురు నేరుగా కూడవు. వాటి వర్గాలు కూడుతాయి. మీరు నిలబడి కాల్చితే గ్రూప్ 8 మి.మీ., పెల్లెట్ వల్ల 2 మి.మీ. అనుకోండి. 64, 4 కలిపితే 68, దాని వర్గమూలం సుమారు 8.25. ఎంత మంచి పెల్లెట్ తెచ్చినా మీకు మిగిలేది పావు మిల్లీమీటరే. అదే సాధన చేసి మీ గ్రూప్‌ను 3 మి.మీ.కు తెచ్చారంటే, 9, 4 కలిపి 13, వర్గమూలం 3.6. ఇప్పుడు ఏరడం వల్ల 0.6 మి.మీ. మిగులుతుంది. గుండుకు సగటున 0.1 మార్కు పెరిగినా అరవై గుండ్లకు 6 మార్కులు. ఆ 6 మార్కులు ఫైనల్‌కు దారి తీస్తాయి. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా చివరి గుండుకు 10.8 కొట్టాడు. గుండు కేంద్రం టార్గెట్ కేంద్రం నుంచి అర మిల్లీమీటర్ లోపలే పడిందన్నమాట. ఆ స్థాయిలో పెల్లెట్ ముఖ్యం. మన తొలి నెలల్లో ట్రిగ్గర్ ముఖ్యం.

మూడో పని ఒకటి మిగిలింది, పెల్లెట్ పెట్టే తీరు. బోల్ట్ తెరిచి పెల్లెట్‌ను గాల్లో వదిలేసి మూసేస్తే అది వంకరగా కూర్చుంటుంది, ఏరిన శ్రమ అంతా పోతుంది. బొటనవేలి కొనతో సూటిగా, ప్రతిసారీ ఒకే ఒత్తిడితో లోపలికి నెట్టండి. పెల్లెట్ లోపల సరిగ్గా కూర్చున్నట్టు వేలికి తెలియాలి. పెల్లెట్లకు నూనె రాయకండి. స్ప్రింగ్ రైఫిల్‌లో ఆ నూనె మండి వేగం అదుపు తప్పుతుంది, రైఫిల్ పాడవుతుంది. మిగిలినవి గట్టి మూత ఉన్న డబ్బాలో, తడి తగలని చోట ఉంచండి. తెల్లటి బూజులాంటి పొడి పట్టినవి మ్యాచ్‌కు వద్దు.

వచ్చే పాఠానికల్లా మీ నోట్‌బుక్‌లో ఒక పట్టిక ఉండాలి. మూడు రకాల పెల్లెట్లు, ఒక్కోదానికి ఐదు గ్రూపుల కొలతలు, సగటు. కింద ఇంకో వరుసలో మీరు నిలబడి కాల్చిన ఐదు గ్రూపుల సగటు రాయండి. ఏడో పాఠంలో నిలబడే తీరును ఈ రెండు అంకెలతోనే మొదలుపెడతాం.