ఎండలు ముదరకముందే: యూరిక్ యాసిడ్ వారసత్వంగా వచ్చిన ఇళ్లలో జాగ్రత్తలు

మా నాన్నకు మొదటిసారి బొటనవేలు వాచింది మే నెలలోనే. పగలంతా ఎండలో పెళ్లి పనులు, మధ్యాహ్నం మటన్, సాయంత్రం బీరు. అర్ధరాత్రి దాటాక దుప్పటి అంచు తగిలినా కేక పెట్టారు. తేలు కుట్టిందేమోనని పక్కంతా దులిపాం. ఆ తర్వాత బాబాయికి, నలభై దాటాక నాకు. దీని పేరు గౌట్, రక్తంలో యూరిక్ యాసిడ్ అనే వ్యర్థం ఎక్కువై కీళ్లలో స్ఫటికాలుగా పేరుకుని వాపు, నొప్పి తెచ్చే జబ్బు. చూసినవాళ్లంతా "నోరు కట్టుకోకపోతే ఇంతే" అన్నారు.

అది సగం నిజం కూడా కాదు. యూరిక్ యాసిడ్‌లో తిండి వల్ల వచ్చేది దాదాపు మూడోవంతే, మిగతాది ఒంట్లోనే తయారవుతుంది. దాన్ని కిడ్నీలు, పేగులు ఎంత బయటికి పంపుతాయన్నది చాలావరకు ఎస్‌ఎల్‌సీ2ఏ9, ఏబీసీజీ2 లాంటి జన్యువులను బట్టి ఉంటుంది. మా ఇంటి కిడ్నీలు పిసినారివి, వచ్చినదాన్ని ఒక పట్టాన వదలవు. ఇక ఎండాకాలం చెమటకు ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో యూరిక్ యాసిడ్ ఇంకా చిక్కబడుతుంది. డెసిలీటరు రక్తానికి 6.8 మిల్లీగ్రాములు దాటితే కీళ్లలో స్ఫటికాలు కట్టే వీలుంది.

అందుకే మార్చిలోనే ఒకసారి రక్తంలో యూరిక్ యాసిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి. అంకె ఎక్కువగా ఉండి, ఎప్పుడూ కీళ్ల నొప్పీ కిడ్నీ రాళ్లూ లేకపోతే చాలామందికి మందులు అక్కర్లేదు, రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. ఒక్క మెలిక ఉంది. నొప్పి వచ్చిన రోజుల్లో పరీక్ష చేస్తే అంకె మామూలుగానే కనిపించవచ్చు. తగ్గాక రెండు వారాలు ఆగి మళ్లీ చేయించాలి.

నీళ్లకు గ్లాసుల లెక్క పెట్టుకోవడం కంటే మూత్రం రంగు చూసుకోవడం తేలిక. లేత పసుపు దాటి ముదురుతోందంటే తాగింది చాలలేదన్నమాట. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్నే అడగాలి. మజ్జిగ మంచిదే. దాహానికి కూల్‌డ్రింకులు వద్దు, వాటిలోని చక్కెర యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. చెరుకు రసమూ అంతే.

పెళ్లి భోజనాల్లో అసలు చిక్కు కార్జం, బోటీ, కిడ్నీలతో. కీళ్లకు బలమని మా పెద్దమ్మ ప్రేమగా పోసే కాళ్ల సూప్‌లోకి మాంసంలోని ప్యూరిన్లు, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు, చాలా దిగుతాయి. ఆవిడకు ఈ మాట చెప్పడం ఇప్పటికీ నా వల్ల కాలేదు. నెత్తళ్లు, ఎండుచేపలు కూడా తగ్గించాలి. బీరు అన్నిటికంటే చెడ్డది. తాటికల్లు చెట్టు నుంచి దిగిందే కదా అంటారు గానీ అందులోనూ ఆల్కహాల్, ఈస్ట్ ఉంటాయి. పాపం, మన ఇళ్లలో ముందు మానిపించేది పప్పు, పాలకూర! వాటివల్ల గౌట్ ముప్పు పెరిగినట్టు పరిశోధనల్లో కనిపించలేదు. పెళ్లిలోపు సన్నబడాలని కడుపు మాడ్చుకున్నా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. బరువు మెల్లగానే తగ్గాలి.

మందుల డబ్బా కూడా ఒకసారి తీసి చూడండి. బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ ఉంటే యూరిక్ యాసిడ్ పెరగవచ్చు. మీ అంతట మీరు మానేయకండి, ఇంట్లో గౌట్ ఉందని డాక్టరుకు చెప్పండి, మార్చవచ్చేమో ఆయనే చూస్తారు. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర వాడుతున్నవాళ్లు నొప్పి వచ్చిందని ఆపకూడదు, తగ్గిందనీ ఆపకూడదు. నేను రెండోది చేసి మూడు వారాలు కుంటుతూ తిరిగాను. మొదటిసారి వేసుకున్నాక ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఊరి పెళ్లికి వెళ్తుంటే నొప్పి వస్తే ఏ మాత్ర వేసుకోవాలో ముందే రాయించుకుని సంచిలో పెట్టుకోండి. కిడ్నీ తేడా ఉన్నవాళ్లకు మెడికల్ షాపు పెయిన్ కిల్లర్లు ప్రమాదం.

కీలు ఎర్రగా వాచి, దానికి తోడు జ్వరం, చలి ఉంటే అది మామూలు గౌటే అనుకుని ఐస్ పెట్టుకుని పడుకోవద్దు. కీలులో చీము పట్టినా అచ్చం అలాగే ఉంటుంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.