మిషన్‌లో క్రిస్మస్: 25 మధ్యాహ్నం సంగతి ముందే చూసుకోండి

ఈ డిసెంబర్‌లో మన యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున మిషన్‌లో, అంటే ఇంటికి దూరంగా సువార్త సేవలో, ఉండబోయే తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం రాస్తున్నాను. మాది రాజమండ్రి. 2017 జూలై నుంచి రెండేళ్ళు బెంగళూరు మిషన్‌లో సేవ చేశాను. మొదటి క్రిస్మస్ బెంగళూరులో, రెండోది కోయంబత్తూరులో గడిచింది. మొదటిసారి నాకు తెలియక పాడుచేసుకున్నదాన్ని రెండోసారి చాలావరకు సరిచేసుకున్నాను. అదే మీకు చెప్తాను.

ముందు ఒక విషయానికి మనసు సిద్ధం చేసుకోండి. మన గోదావరి వైపు క్రిస్మస్ అంటే డిసెంబర్ మొదట్లోనే మేడ మీద స్టార్, వారానికో సెమీ క్రిస్మస్, అర్ధరాత్రి దాకా కేరల్స్, 24 రాత్రి ఆరాధన. చుట్టాల్లో చాలామంది వేరే సంఘాలవాళ్ళు కాబట్టి నేను ఇవన్నీ చూస్తూ పెరిగాను. మన సంఘంలో అర్ధరాత్రి ఆరాధన ఉండదు. క్రిస్మస్ కార్యక్రమం దగ్గర్లోని ఆదివారం సంస్కార కూడికలోనే, అంటే వారం వారం జరిగే ఆరాధనలోనే, జరుగుతుంది. మిషనరీలు 10:30కి లైట్లు ఆర్పేయాలి. 2017లో 24 ఆదివారం పడింది, కార్యక్రమం అయిపోయింది. ఆ రాత్రి మంచం మీద పడుకుని, పక్క వీధి చర్చిలో పాటలు వింటూ ఒంటిగంట దాకా నిద్రపట్టలేదు.

మర్నాడు సోమవారం, అంటే మా పి-డే, వారానికోసారి సొంత పనులు చూసుకునే రోజు. బట్టలు ఉతుక్కున్నాం, ఒక సంఘ సభ్యుల ఇంట్లో భోజనం చేశాం. రెండు గంటలకి గదికి వచ్చేశాం. అందరూ తమవాళ్ళతో పండగలో ఉన్నారు, ఎవరూ అపాయింట్‌మెంట్ ఇవ్వలేదు. ఆరింటి దాకా నేనూ నా కంపానియన్, అంటే నాతో జంటగా సేవ చేసే మిషనరీ, గదిలో ఊరికే ఉండిపోయాం. ఇంటి మీద బెంగ పట్టుకునేది ఆ నాలుగు గంటల్లోనే. ఉదయం హడావిడిగా ఉంటుంది, రాత్రికి అలసట ఉంటుంది, మధ్యాహ్నమే ఖాళీ. అందుకే డిసెంబర్ మొదటి వారం ప్లానింగ్‌లోనే 25వ తేదీ రెండు నుంచి ఆరు వరకు ఎవరింట్లో ఉంటారో రాసుకోండి. భోజనానికి ఎవరో ఒకరు తప్పకుండా పిలుస్తారు, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఎవరింటికి వెళ్ళాలి? పండగ పూట ఒంటరిగా ఉన్నవాళ్ళు ఎవరో బ్రాంచ్ ప్రెసిడెంట్‌ని, అంటే ఆ ఊరి మన చిన్న సంఘం పెద్దని, అడగండి. ఆయనకి తెలుస్తుంది. ఆడవాళ్ళు ఒక్కరే ఉండే ఇల్లయితే ఎల్డర్స్ (మగ మిషనరీలు) అలా వెళ్ళకూడదు, బ్రాంచ్‌లో ఒక కుటుంబంతో కలిసి వెళ్ళండి. 2018లో కోయంబత్తూరులో మాకు ఒక పెద్దాయన దొరికారు. మిల్లులో పనిచేసి రిటైరయ్యారు, పిల్లలు గల్ఫ్‌లో ఉంటారు. నాకు వచ్చిన తమిళం అంతంతమాత్రం, నా కంపానియన్‌ది అమెరికాలోని యూటా. మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదని గారెలు వేద్దామని వెళ్ళాం. ఉదయమే అరకిలో మినప్పప్పు నానబోసుకుని గిన్నెతో పట్టుకెళ్ళాం. ఆయన మిక్సీలో నీళ్ళు పోయకుండా రుబ్బాం. తడిపిన పాలకవరు మీద పిండి ముద్ద పెట్టి, తట్టి, వేలితో మధ్యలో చిల్లు పెట్టి నూనెలోకి జారవిడవడం నేను చూపించాను. నా కంపానియన్ మొదటి నాలుగూ చేతికే అంటుకుపోయాయి. పెద్దాయన చూసి చూసి లేచారు. పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని, ప్రతిసారీ చెయ్యి ముంచి, కవరు లేకుండానే అరచేతిలో తట్టి వేశారు. "ఇది మా ఉళుందు వడై" అన్నారు. అంతకుముందు రెండు నెలల్లో ఆయన మాతో పది మాటలు మాట్లాడి ఉండరు. ఆ రోజు తన భార్య గురించి సాయంత్రం దాకా చెప్పారు. నాకు సగమే అర్థమైంది, అయినా ఆయన చెప్తూనే ఉన్నారు.

రెండోది కంపానియన్ సంగతి. 24 గంటలూ ఇద్దరూ కలిసే ఉంటారు కాబట్టి మీ క్రిస్మస్‌లో సగం అతనిదే. 2017లో నా కంపానియన్ అమెరికాలోని ఐడహో నుంచి వచ్చినవాడు. 25 మధ్యాహ్నమంతా గోడవైపు తిరిగి పడుకుంటే అలసిపోయాడనుకున్నాను. అడగలేదు. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది. "ఇల్లు గుర్తొస్తోందా?" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. "మీ ఇంట్లో 24 సాయంత్రం ఏం చేస్తారు?" అని అడగండి. మరుసటి ఏడాది యూటా కంపానియన్‌ని ఇలా అడిగితే, వాళ్ళింట్లో పిల్లలందరూ తలకి తువ్వాళ్ళు చుట్టుకుని గొర్రెల కాపరులుగా నటిస్తుంటే నాన్న లూకా రెండో అధ్యాయం చదువుతారని చెప్పాడు. ఒక సభ్యుల ఇంట్లో అదే చేశాం. లూకా తర్వాత, బైబిల్‌తో పాటు మన సంఘం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథం నుంచి మూడవ నీఫై మొదటి అధ్యాయం చదివాం. యేసు పుట్టుకకి గుర్తుగా వస్తుందని లేమనీయుడైన సమూయేలు అనే ప్రవక్త ముందే చెప్పినట్టే, సూర్యుడు అస్తమించినా చీకటి పడని రాత్రి గురించి అందులో ఉంది. సరిగ్గా ఆ వచనం దగ్గర ఆ ఇంటి చిన్నపిల్ల ట్యూబ్‌లైట్ ఆర్పి వెలిగించింది. ఎవరూ చెప్పలేదు, తనే చేసింది.

ఇంటికి ఫోన్. మా రోజుల్లో ఏడాదికి రెండేసార్లు మాట్లాడనిచ్చేవారు, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం పి-డే నాడు మాట్లాడుకోవచ్చు. అయినా పండగ రోజు ఫోన్ వేరు. వెనక నుంచి పిన్నివాళ్ళ నవ్వులు, కుక్కర్ విజిల్ వినిపిస్తాయి. ఉదయమే చేసేయండి, రాత్రికి పెట్టుకుంటే ఆ తర్వాత నిద్రపోలేరు. అమెరికా కంపానియన్‌కి కూడా ఉదయమే మేలు: మనకి 25 ఉదయం 8 అయితే యూటాలో 24 సాయంత్రం 7:30. ఏం చెప్పాలో చిన్న కాగితం మీద రాసుకోండి. ముందు నానమ్మతో మాట్లాడండి. అమ్మతో మొదట మాట్లాడితే ఇద్దరూ ఏడుస్తూనే టైమ్ అయిపోతుంది.

ఇక తిండి. డిసెంబర్‌లో రోజుకి నాలుగైదు ఇళ్ళకి వెళ్తారు, ప్రతి ఇంట్లో టీ పెడతారు, మన సంఘంలో మాత్రం టీ, కాఫీ, మద్యం తాగం. కప్పు చేతికొచ్చాక వద్దంటే ఆ తల్లి నొచ్చుకుంటుంది. గడపలోనే, ఆవిడ వంటింట్లోకి వెళ్ళకముందే, "అమ్మా, మేం టీ, కాఫీ తాగం, మజ్జిగుంటే కొంచెం ఇవ్వండి" అనండి. ఏదో ఒకటి అడిగి తాగితే వాళ్ళకి తృప్తి. ప్లమ్ కేకుల్లో ఎండు ద్రాక్ష రమ్‌లో నానబెడతారు చాలాచోట్ల, మీరు కొనేటప్పుడు బేకరీలో అడిగి కొనండి. బెంగళూరులో కొన్ని ఇళ్ళలో ఇంట్లో చేసిన ద్రాక్ష వైన్ చిన్న గ్లాసుల్లో ఇస్తారు, జ్యూస్ అనుకుని తాగేయకండి.

బహుమతులకి డబ్బు ఖర్చు పెట్టొద్దు. బ్రాంచ్‌లో ఒక్కో కుటుంబానికి ఒక్కో కార్డు రాయండి. "హ్యాపీ క్రిస్మస్" ఒక్కటే కాకుండా, వాళ్ళు మీకు చేసిన ఒక పని పేరు పెట్టి రాయండి. వర్షంలో గొడుగు ఇచ్చారనో, చిరిగిన కాలరు కుట్టిచ్చారనో. 2016 నుంచి సంఘం ప్రతి డిసెంబర్‌లో నడిపే లైట్ ద వరల్డ్ అనే సేవా కార్యక్రమంలో చేయమనేది కూడా ఇలాంటి చిన్న పనులే. ఇరుగుపొరుగు హిందువులు, ముస్లింలు క్రిస్మస్ కార్యక్రమానికి పిలిస్తే సంతోషంగా వస్తారు. మనం ఎవరమో, ఏ సంఘమో దాచకుండా చెప్పి పిలవండి.

26 ఉదయం 6:30కి అలారం మామూలుగానే మోగుతుంది. ముందు రాత్రే ఆ రోజుకి ఒక్క అపాయింట్‌మెంటైనా పెట్టుకుని పడుకోండి. మాకు ఆ రోజు పదింటికి పెద్దాయన ఇంట్లోనే. మిగిలిన నూనె వడగట్టి సీసాలో పోయాలి, నా కంపానియన్‌కి అరచేతిలో గారె తట్టడం ఆయన మళ్ళీ నేర్పుతానన్నారు.