షేర్ల అమ్మకంపై పన్ను – మూడో పాఠం: సగటు ధరతో వచ్చే చిక్కు

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు చాలామంది పంపిన జవాబు సున్నా. ఆ సున్నా ఎలా వచ్చిందో చూస్తే అందరూ దాదాపు ఒకే చోట దారి తప్పారని తెలిసింది. అందువల్ల ఈసారి చెబుతానన్న నష్టాల సర్దుబాటును తర్వాతి పాఠానికి వాయిదా వేసి, ఈ పాఠమంతా కొనుగోలు ధర మీదే నడుపుతాను. పన్ను రేట్లు మొదటి పాఠంలో చూశాం కాబట్టి వాటిని మళ్లీ వివరించను.

ముందుగా ఆ లెక్కను మరోసారి చూద్దాం. ఒక లిస్టెడ్ కంపెనీ షేర్లను ఒక ఉద్యోగి మూడు విడతలుగా కొన్నాడు. 2016 జూన్‌లో 200 రూపాయల చొప్పున 100, 2023 నవంబర్ 10న 600 రూపాయల చొప్పున 100, 2024 మే 20న 900 రూపాయల చొప్పున మరో 100 తీసుకున్నాడు. 2018 జనవరి 31న ఆ షేరు పలికిన గరిష్ఠ ధర 350 రూపాయలు. 2024 సెప్టెంబర్ 16న 250 షేర్లను 1,000 రూపాయల చొప్పున అమ్మాడు. జీతం వల్ల అతడి ప్రాథమిక మినహాయింపు పరిమితి (పన్ను పడని మొదటి కొంత ఆదాయం) అప్పటికే పూర్తిగా వాడుకైపోయింది. అతడు కట్టవలసిన పన్ను ఎంత?

ఎక్కువమంది మూడు విడతలకూ పెట్టిన 1,70,000 రూపాయలను 300 షేర్లతో భాగించి, సగటు ధర 566.67 అని తేల్చారు. దానిమీద 250 షేర్లకు లాభం 1,08,333 రూపాయలని లెక్కగట్టి, మొదటి కొనుగోలు 2016 నాటిది కాబట్టి ఇదంతా దీర్ఘకాలిక లాభమేనని (అంటే పన్నెండు నెలలకు మించి ఉంచుకున్న షేర్లపై లాభం), అలాంటి లాభానికి ఏడాదికి ఉన్న 1,25,000 మినహాయింపు దాటలేదు కనుక పన్ను లేదని రాశారు. కూడికలోగానీ భాగహారంలోగానీ పొరపాటు లేదు. అయితే షేర్ల విషయంలో చట్టానికి సగటు ధర అనేదే లేదు. డీమ్యాట్ ఖాతాలో (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా) ఏ లాట్, అంటే ఒక విడతలో వచ్చిన షేర్ల గుంపు, ముందు జమ అయిందో ఆ లాటే ముందు అమ్ముడైనట్టు పరిగణించాలని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 45(2ఎ) సెక్షన్, దానిమీద కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1998 జూన్ 24న జారీ చేసిన 768వ సర్క్యులర్ చెబుతున్నాయి. ఒక్కో లాట్‌కు దాని తేదీ, దాని ధర వేరువేరుగా ఉంటాయి. ఒకదాని ధర మరొకదానికి అంటదు.

ఆ ప్రకారం అమ్మిన 250లో మొదటి 100 షేర్లు 2016 నాటివి. అవి 2018 ఫిబ్రవరి 1కి ముందు కొన్నవి కాబట్టి, వాటికి 2018 జనవరి 31 నాటి గరిష్ఠ ధర, అమ్మిన ధర ఈ రెండింటిలో తక్కువదాన్ని తీసుకుని, దాన్ని అసలు కొన్న ధరతో పోల్చి ఎక్కువదాన్ని కొనుగోలు ధరగా చూపుకోవచ్చు. ఇక్కడ 350, 1,000లలో తక్కువది 350. 200, 350లలో ఎక్కువది 350. కనుక షేరుకు 650 చొప్పున 65,000 రూపాయలు దీర్ఘకాలిక లాభం. తర్వాతి 100 షేర్లు 2023 నవంబర్‌వి కాబట్టి అమ్మేనాటికి పన్నెండు నెలలు నిండలేదు. వాటిపై 40,000 రూపాయలు స్వల్పకాలిక లాభం. మిగిలిన 50 షేర్లు 2024 మేలో కొన్నవాటి నుంచి పోయాయి కాబట్టి వాటిపై మరో 5,000. దీర్ఘకాలిక లాభం పరిమితిలోపే ఉంది కనుక దానిమీద పన్ను లేదు. స్వల్పకాలిక లాభం 45,000 మీద, అమ్మకం 2024 జూలై 23 తర్వాత జరిగింది కాబట్టి, 20 శాతం చొప్పున 9,000 రూపాయలు, దానిపై నాలుగు శాతం సెస్సు 360 కలిపి 9,360 రూపాయలు కట్టాలి.

సగటు పద్ధతి ఈ ఒక్క ఏడాది లెక్కను చెడగొట్టి ఊరుకోదు. అమ్మగా మిగిలిన 50 షేర్ల ధర సగటు వేసినవారి పుస్తకంలో ఇంకా 566.67గానే ఉంటుంది, నిజానికి అది 900 రూపాయలు. అదే ఏడాది నవంబర్‌లో ఆ షేర్లను 800 చొప్పున అమ్మేస్తే సగటు ప్రకారం 11,667 రూపాయల లాభం కనిపిస్తుంది, చట్టప్రకారం మాత్రం అది 5,000 రూపాయల స్వల్పకాలిక నష్టం. దాన్ని పైన చూసిన 45,000లోంచి తీసివేస్తే 1,040 రూపాయల పన్ను తగ్గేది. మొదట కట్టవలసింది కట్టకపోవడం, తర్వాత తగ్గించుకోవలసింది తగ్గించుకోకపోవడం, ఈ రెండూ ఆ ఒక్క సగటు వల్లే జరుగుతాయి.

నేను మాత్రం ఒక్కో లాట్‌కు ఒక్కో వరుస చొప్పున ఎక్సెల్‌లో రాసుకుంటాను. అమ్మినప్పుడల్లా పైవరుస నుంచి కొట్టివేస్తూ వస్తాను. బ్రోకరు ఏటా ఇచ్చే పన్ను నివేదికలో కూడా లాట్లు విడివిడిగానే ఉంటాయి గాని, వేరే డీమ్యాట్ నుంచి బదిలీ అయి వచ్చిన షేర్లకు అందులో కొన్న ధర సున్నాగానో, బదిలీ రోజు ధరగానో పడి ఉండడం మామూలే. ఆదాయపు పన్ను శాఖ చూపే వార్షిక సమాచార నివేదికలో కనిపించే ధరకూ ఇదే జాగ్రత్త అవసరం. సందేహం వస్తే కాంట్రాక్ట్ నోట్ (ఒక్కో లావాదేవీకి బ్రోకరు ఇచ్చే రసీదు) తీసి చూడాలి, తేదీ కూడా దానిలోని ట్రేడ్ తేదీయే. ముందు జమ అయినదే ముందు పోవాలన్న నియమం ఒక్కో డీమ్యాట్ ఖాతాకు విడిగా వర్తిస్తుంది. అందుకే దీర్ఘకాలం ఉంచదలచినవాటికి ఒక ఖాతా, తరచుగా అమ్మేవాటికి మరొకటి పెట్టుకోవడం నా అలవాటు. రెండో ఖాతాకు ఏటా అయ్యే చిన్న ఖర్చుకు నాకెప్పుడూ విచారం లేదు.

ఇక బోనస్ షేర్ల (పాత వాటాదారులకు కంపెనీ ఉచితంగా ఇచ్చే అదనపు షేర్ల) దగ్గరకు వస్తాను. గత లెక్కలో బోనస్ లేకపోయినా కొందరు, ఒకటికి ఒకటి బోనస్ వస్తే కొన్న ధర సగమవుతుంది కదా అని అదనంగా ఒక మాట రాశారు. ఈ మాట నాకు తరచూ వినిపిస్తుంది, విన్న ప్రతిసారీ చిరాకు కలుగుతుంది, ఎందుకంటే యాప్ తెరమీద కనిపించే సగం ధర చూసి చదువుకున్నవారు కూడా దీన్ని నమ్మేస్తున్నారు. కొన్న ధర సగం కాదు. పాత షేరు ధర పాతదే, బోనస్ షేరు ధర సున్నా, దాని వయసు అది కేటాయించిన రోజునుంచి మొదలవుతుంది.

ఒకామె 2022 ఆగస్టులో 1,200 రూపాయల చొప్పున 100 షేర్లు కొన్నారనుకుందాం. 2024 అక్టోబర్ 30న ఒకటికి ఒకటి చొప్పున 100 బోనస్ షేర్లు కేటాయించారు. 2025 మార్చి 10న ఆమె 100 షేర్లను 750 రూపాయల చొప్పున అమ్మారు. సగం ధర లెక్కలో ఇది 15,000 రూపాయల లాభం. చట్టం లెక్కలో ముందు పోయినవి 2022 నాటి షేర్లు కాబట్టి, 1,200కు కొన్నది 750కి అమ్మినందుకు 45,000 రూపాయల దీర్ఘకాలిక నష్టం. లాభమని చూపితే నష్టాన్ని చేజేతులా వదులుకున్నట్టే. గడువులోగా రిటర్ను వేసినవారికి దాన్ని ఎనిమిదేళ్లపాటు ముందుకు తీసుకువెళ్లే హక్కు ఉంది.

ఇప్పుడు మిగిలిన 100 షేర్లను ఆమె 2025 జూన్‌లో 800 చొప్పున అమ్మితే ఏమవుతుంది? కొన్న ధర సున్నా, కేటాయించి ఎనిమిది నెలలే, కాబట్టి మొత్తం 80,000 స్వల్పకాలిక లాభం. సెస్సుతో కలిపి 16,640 రూపాయల పన్ను. ముందటి ఏడాది 45,000 నష్టం ఇక్కడ అక్కరకు రాదు, దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంలోంచే తీసివేయాలి. అదే షేర్లను నవంబర్ దాకా ఆగి అదే ధరకు అమ్మి ఉంటే, 80,000 దీర్ఘకాలిక లాభం అయ్యేది. ఆమెకు ఆ ఏడాది వేరే దీర్ఘకాలిక లాభం లేకపోతే పన్ను అసలే ఉండేది కాదు. అందుకే బోనస్ షేర్ల కేటాయింపు తేదీని పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకోమంటాను. నేనైతే పన్నెండు నెలలు నిండాక మరో వారం వదిలి అమ్ముతాను, ఒక రోజు అటూఇటూ లెక్కతో తల పట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

బోనస్ వస్తుందని తెలిసి ముందుగా కొని, ధర తగ్గాక పాత షేర్లు అమ్మి నష్టం చూపుకోవచ్చు కదా అని తెలివిగా అడిగినవారూ ఉన్నారు. రికార్డు తేదీకి (బోనస్ ఎవరికి ఇవ్వాలో కంపెనీ నిర్ణయించే రోజు) ముందు మూడు నెలల్లోగా కొని, ఆ తేదీ తర్వాత తొమ్మిది నెలల్లోగా పాతవి అమ్మి, బోనస్ షేర్లను చేతిలో ఉంచుకుంటే ఆ నష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. ఆ నష్టపు మొత్తం చేతిలో మిగిలిన బోనస్ షేర్ల కొన్న ధరగా మారుతుంది. ఒకప్పుడు మ్యూచువల్ ఫండ్ యూనిట్లకే ఉన్న ఈ నియమాన్ని 2022 ఫైనాన్స్ చట్టం షేర్లకు కూడా వర్తింపజేసింది.

స్ప్లిట్ విషయం వేరు. పది రూపాయల ముఖ విలువ గల షేరు రెండు రూపాయల ముఖ విలువతో అయిదు షేర్లయితే, అయిదు వందల నోటును వందలుగా మార్చుకున్నట్టే. కొన్న ధర అయిదో వంతు అవుతుంది, తేదీ మారదు. రైట్స్ షేర్లకు (పాత వాటాదారులకు కంపెనీ డబ్బు తీసుకుని ఇచ్చే కొత్త షేర్లకు) మీరు కట్టిన ధర, కేటాయించిన తేదీ లెక్కకు వస్తాయి.

కంపెనీ విడిపోయినప్పుడు వచ్చిన షేర్లను కూడా కొందరు బోనస్‌లా ఉచితమనుకుంటారు. 2023లో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు ఒక్కో రిలయన్స్ షేరుకు ఒక జియో ఫైనాన్షియల్ షేరు వచ్చింది. కొన్న ధరలో 95.32 శాతం రిలయన్స్‌కు, 4.68 శాతం జియోకు చెందుతుందని రిలయన్స్ ప్రకటించింది. అంతకుముందు రిలయన్స్‌ను 2,000కు కొన్నవారికి జియో షేరు ధర 93.60 రూపాయలు, రిలయన్స్ ధర 1,906.40, వయసు రెండింటికీ అసలు కొన్న రోజునుంచే. అదే వ్యక్తికి 2024 అక్టోబర్‌లో రిలయన్స్ ఇచ్చిన ఒకటికి ఒకటి బోనస్ షేరు ధర మాత్రం సున్నా.

2018 నాటి ధర విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఆ తేదీ ధర కోసం చార్టు తెరిస్తే, తర్వాత వచ్చిన బోనస్‌లకు సర్దుబాటు చేసిన ధర కనిపిస్తుంది, అది అసలు ధరలో సగమో పావో ఉండవచ్చు. మీకు కావలసింది ఆ రోజు ఎక్స్ఛేంజీలో నిజంగా పలికిన గరిష్ఠ ధర, కాబట్టి ఆ రోజు ధరల పట్టిక అయిన భావ్‌కాపీని దించుకుని చూడండి. తర్వాత స్ప్లిట్ జరిగి ఉంటే ఆ ధరను కొత్త షేర్ల సంఖ్య ప్రకారం మీరే భాగించుకోవాలి. 2018 ఫిబ్రవరికి ముందే కేటాయించిన బోనస్ షేర్లకూ ఈ ధర వర్తిస్తుంది కనుక వాటికి సున్నా వేసి కూర్చోకండి.

బహుమతిగానో వారసత్వంగానో వచ్చిన షేర్లకు ఇచ్చినవారు కొన్న ధర, వారు కొన్న తేదీ మీకు సంక్రమిస్తాయి. అయితే డీమ్యాట్‌లో వరుస మాత్రం అవి మీ ఖాతాలో జమ అయిన రోజును బట్టే ఉంటుంది. ఈ రెండు తేదీలను కలగాపులగం చేయకూడదు. బ్రోకరేజీని లాభంలోంచి తీసివేయవచ్చు, సెక్యూరిటీస్ లావాదేవీల పన్నును తీసివేయకూడదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి. ఈ పాఠం ఉదాహరణలన్నీ అంతకుముందు సంవత్సరాలవి కాబట్టి పాత చట్టం ప్రకారమే చూడండి.

అభ్యాసం. ఈసారి లెక్క కొంచెం పెద్దది, కాగితంమీద చేయండి. తండ్రి 2015 మార్చిలో ఒక లిస్టెడ్ కంపెనీ షేర్లు 400, ఒక్కొక్కటి 500 రూపాయలకు కొన్నారు. 2018 జనవరి 31న గరిష్ఠ ధర 1,100. 2019లో పది రూపాయల షేరును రెండు రూపాయల షేర్లుగా విభజించారు. కూతురు 2020 ఆగస్టులో అదే కంపెనీవి 500 షేర్లను 240 చొప్పున తన డీమ్యాట్‌లో కొనుక్కుంది. 2021 ఫిబ్రవరిలో తండ్రి తన షేర్లన్నీ ఆమె ఖాతాకు బహుమతిగా బదిలీ చేశారు. 2023 డిసెంబర్ 5న ఒకటికి ఒకటి బోనస్ కేటాయించారు. ఆమె 2024 జూలై 15న 1,500 షేర్లను 300 చొప్పున, ఆగస్టు 5న 2,500 షేర్లను 320 చొప్పున అమ్మింది. ఆమె జీతం ఆ ఏడాది 20 లక్షలు, బ్రోకరేజీని వదిలేయండి.

ఏ అమ్మకంలో ఏ లాట్ నుంచి ఎన్ని షేర్లు పోయాయో, ఒక్కోదాని కొనుగోలు ధర, వయసు, లాభం ఎంతో ముందు పట్టికగా వేసి, తర్వాతే పన్నుకు వెళ్లండి. జూలై 23కు ముందు దీర్ఘకాలిక లాభంపై రేటు 10 శాతం, తర్వాత 12.5 శాతం, ఏడాది మొత్తానికీ 1,25,000 మినహాయింపు ఒక్కటే. దాన్ని ఏ లాభానికి ముందు వాడుకుంటే ఆమెకు మేలో కూడా చెప్పాలి. పట్టిక లేకుండా చివరి అంకె ఒక్కటే పంపిన జవాబులను దిద్దను. చేతిలో ఎన్ని షేర్లు మిగిలాయో, వాటి కొనుగోలు ధర ఎంతో కూడా జవాబులో ఉండాలి, ఎందుకంటే తర్వాతి పాఠంలో నష్టాల సర్దుబాటు ఆ షేర్ల మీదే మొదలవుతుంది.