చెట్ల పాదులకు ఏ మల్చింగ్ వేయాలి?

మార్చి వచ్చేసరికి రాయలసీమ ఎర్ర నేలల్లోను, తెలంగాణ చల్కా నేలల్లోను పాదులో పోసిన నీరు పైమట్టిలో ఎక్కువ రోజులు నిలవదు. అందుకే పాదుపై మల్చింగ్ (గడ్డి, ఆకులు, షీటు వంటి వాటితో నేలను కప్పే పొర) వేద్దామనుకునేవారు ఏ పదార్థం మంచిదని ముందు అడుగుతారు. నా ఉద్దేశంలో అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, ఆ చెట్టుకు ఇప్పుడు కావలసింది తేమా, బలమా, లేక కలుపు అణగడమా అన్నది.

తేమ నిలవడానికి వరిగడ్డి, చెరకు ఆకు, వేరుశనగ పొట్టు వంటి నిదానంగా కుళ్లేవి అనువైనవి. అయితే వరిగడ్డిలో నత్రజని చాలా తక్కువ కాబట్టి, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని పైమట్టి నుంచే తీసుకుంటాయి. ముందుగా పశువుల ఎరువు పలుచగా చల్లి, దానిపై గడ్డి పరిస్తే లేత మొక్కల ఆకులు పసుపుబారే ప్రమాదం తగ్గుతుంది. రంపపు పొట్టును ఇదే కారణంగా మట్టిలో ఎన్నడూ కలపరాదు. బలం కోసమైతే గట్ల మీద పెంచిన గిరిపుష్పం (గ్లైరిసిడియా) చెట్ల పచ్చిరొట్టకు సాటి వచ్చేది తక్కువ, కానీ అది త్వరగా కరిగిపోతుంది. కింద గిరిపుష్పం, పైన గడ్డి వేయడమే నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి.

వరి ఊక గాలికి లేచిపోతుంది. పచ్చి కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండవచ్చు కనుక దాన్ని బాగా కడిగి గాని, మాగబెట్టి గాని వాడాలి. వయ్యారిభామ (పార్థీనియం) కలుపును పూత రాకముందే కోసి వాడుకోవాలి. మచ్చ తెగులు సోకిన దానిమ్మ ఆకులను, కత్తిరింపు కొమ్మలను మాత్రం పాదులో వేయక తోట బయటికి తీసుకెళ్లి కాల్చివేయాలి.

కలుపు మరీ ఎక్కువగా ఉన్నచోట ప్లాస్టిక్ షీటు పనిచేస్తుంది. కూరగాయలకు 25 నుంచి 30 మైక్రాన్ల మందం సరిపోతుంది గాని, ఏళ్ల తరబడి ఉండే పండ్ల చెట్లకు 100 మైక్రాన్ల షీటు వేసి, డ్రిప్పు పైపును దాని కిందుగా పోనివ్వాలి. షీటు నేలకు సేంద్రియ పదార్థాన్ని ఇవ్వదు. చిరిగిన ముక్కలను ఏరడం పెద్ద పని. పెరటి మందారానికి, మల్లెకు రాలిన ఎండుటాకులే చాలు.

ఏది వేసినా, మొదలుకు ఆనించి కుప్పపోయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అలా కప్పిన నిమ్మచెట్టు దగ్గర గడ్డిని పక్కకు తీసి చూస్తే, బెరడు నల్లగా నాని, గోటితో గీరితే ఊడివస్తూ, పగుళ్ల నుంచి తేనెరంగు బంక చుక్కలుగా కారుతుండవచ్చు. అది బంక తెగులు. దాన్ని కలిగించే సూక్ష్మజీవికి కావలసిన తేమను మనమే మొదలుకు అందించినట్లవుతుంది. కాబట్టి మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదిలి, అక్కడి నుంచి కొమ్మల నీడ అంచు వరకు మూడు నాలుగు అంగుళాల మందాన పరచాలి. ఎర్ర నేలల్లో ఎండుగడ్డికి చెదలు పడతాయి. బెరడుపై మట్టి పూత కనిపిస్తే వెంటనే దులిపివేయాలి.

పొడినేలపై మల్చింగ్ వేస్తే చిన్న చినుకులు గడ్డిలోనే ఇంకిపోతాయి, అందువల్ల పాదును బాగా తడిపిన తర్వాతే పరచాలి. కాపు కాసే మామిడి విషయం వేరు. పూతకు ముందు రెండు మూడు నెలలు దానికి నీరు ఆపుతారు. అప్పుడు పాదులో తేమ నిలిపి ఉంచితే పూతకు బదులు కొత్త చిగురు వచ్చే అవకాశం ఉంది. పిందె బఠాణీ గింజంత అయ్యి, మళ్లీ నీరు పెట్టడం మొదలైనప్పుడు గడ్డి వేయాలి. ఎండాకాలంలో దారి పక్కనున్న వరుసల్లో గడ్డికి నిప్పు అంటుకునే భయం ఉంది కనుక, అక్కడ పచ్చిరొట్టనే వాడి, పొర రెండు వేళ్ల మందానికి దిగినప్పుడల్లా మళ్లీ కప్పుతూ రావాలి.